తక్కెడ పేరు పెట్టుకున్నోళ్లు

జాతీయోద్యమాల చరిత్ర ఏ పుస్తకంలో చదివినా ఒక మాట తప్పకుండా తగులుతుంది. "ప్రజలు". ప్రజలు మేల్కొన్నారు, ప్రజలు వీధుల్లోకి వచ్చారు, ప్రజలు ప్రాణాలిచ్చారు. పైన పరాయి పాలకుడు, కింద ప్రజలు. నడుమ ఇంకేమీ ఉండదు. 1916లో ఐర్లండు, 1919లో ఈజిప్టు, అదే ఏడు చైనా, అదే ఏడు మన పంజాబు. ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని కనుక ఈ మాట నేనూ కొన్ని వేలసార్లు పలికి ఉంటాను. పలికినప్పుడల్లా ఒక్కటే అనుమానం. ఈ ప్రజల్లో పశువును కోసేవాడు ఎక్కడున్నాడు? తోలు పదును చేసేవాడు ఎక్కడున్నాడు? వాడి ఇల్లు ఊళ్లో ఉందా, ఊరవతల ఉందా? జెండా పట్టుకుని ఊరేగింపు పోతుంటే వాణ్ని పక్కన నడవనిచ్చారా?

మన దేశం సంగతి మనకు కొంత తెలుసు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో జనాన్ని పిలిస్తే, పంచములం కాదు ఆది ఆంధ్రులం అని భాగ్యరెడ్డివర్మ పేరే మార్చేశాడు. అంబేడ్కర్ 1931లో బొంబాయిలో గాంధీ ముందు కూర్చుని నాకు మాతృదేశం లేదు అని మొహం మీదే చెప్పాడు. ఇవి మన వాడల్లో చదువుకున్న ప్రతి పిల్లగానికీ తెలుసు, తెలియకపోతే తెలియాలి. కానీ బయటి దేశాల్లో మనలాంటోళ్లు ఉన్నారా? ఉంటే, వాళ్ల దేశపు స్వాతంత్య్రం వాళ్లనేం చేసింది? ఈ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కొరియా.

నేను నల్లగొండ జిల్లా మాదిగోణ్ని. మా తాతకు వాగొడ్డున లంద ఉండేది. తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టేవాడట. మా నాయిన కాలానికి లంద పూడిపోయింది. ఫ్యాక్టరీ చెప్పులు ఊళ్లోకొచ్చినై, తాత పని పోయింది. పని పోయింది గానీ పేరు పోలేదు. పశువు చస్తే కబురు మాత్రం మా ఇంటికే వచ్చేది. మా ఇంట్లో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటి మనిషిని నేను. బీఎడ్ కోసం హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునే అలవాటుండేది. అట్లా ఒకసారి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికింది. తూర్పు ఆసియా చరిత్ర. కొరియా అధ్యాయంలో ఒకే ఒక్క పేరా. కసాయి పనీ తోలు పనీ చేసే అంటరానివాళ్లు 1923లో ఒక సంఘం పెట్టుకున్నారని. అంతే. తర్వాతి పేరాలో మళ్లీ "ప్రజలు" మొదలయ్యారు. నేను ఆ ఒక్క పేరా పట్టుకుని అప్పట్నుంచి దొరికిన కాడల్లా చదువుతూ వచ్చాను.

వాళ్ల పేరు బెక్‌జోంగ్. పశువుల్ని కోయడం, తోళ్లు పదును చేసి చెప్పులు కుట్టడం, వెదురుతో, చెట్టు బరికెలతో బుట్టలల్లడం వాళ్ల పని. చోసన్ రాజ్యం నడిచిన అయిదు వందల యేండ్లు వాళ్లు ఊరి బయటే. పెంకుటిల్లు కట్టుకోకూడదు. పట్టుబట్ట కట్టకూడదు. పెద్దమనుషులు పెట్టుకునే నల్లటి టోపీ పెట్టుకోకూడదు, వెదురు పేడుల టోపీ పెట్టుకోవాలి, దూరం నుంచే ఫలానా వాడని తెలియాలి గదా. పెళ్లయిన మొగవాడు జుట్టు నెత్తిన ముడి వేసుకోవడం అక్కడ గౌరవం, అది వీళ్లకు లేదు. పిల్లలకు పేరు పెట్టాలన్నా దయ, ధర్మం లాంటి అర్థమొచ్చే అక్షరాలు వాడరాదు. కొరియా భాషలో ఎదుటి మనిషి అంతస్తును బట్టి క్రియ చివర మారుతుంది. ఊళ్లో ఏ ఇంటి పసిపోరడైనా ముసలి బెక్‌జోంగ్‌ను "ఏరా" అన్న తీరులోనే పిలుస్తాడు, ఆ ముసలాయన మాత్రం ఆ పోరనికి "మీరు" అనాలి.

ఇది చదివినప్పుడు నాకు కొరియా ఎక్కడుందో మ్యాపు చూడబుద్ధి కాలేదు. మా తాతను పటేల్ గారి మనవడు పేరు పెట్టి పిలవడం నేను చిన్నప్పుడు చెవులారా విన్నాను. తాతకు డెబ్భై ఏండ్లు. ఆ పిల్లగానికి నా యీడు.

1894లో కొరియా రాజు సర్కారు సంస్కరణలు తెచ్చి పుట్టుక అంతస్తుల్ని రద్దు చేసింది. కాగితం మీద బెక్‌జోంగ్ అనేవాడు ఇంక లేడు. ఆ కాగితం ఊళ్లల్లోకి ఎట్లా దిగిందో ఒక ఉదాహరణ చాలు. 1900లో జింజూ చుట్టుపక్కల పదహారు తాలూకాల బెక్‌జోంగ్ పెద్దలు గవర్నరు దగ్గరికి పోయి, చట్టం వచ్చింది గదా, మేమూ అందరి తీరు టోపీ పెట్టుకుంటం అని అర్జీ ఇచ్చారు. సరే పెట్టుకోండి, కానీ గడ్డం కింద కట్టుకునే దారం బదులు పచ్చి ఎద్దుతోలు వారు కట్టుకోండి అన్నాడా దొర. హక్కు ఇచ్చినట్టే ఇచ్చి దాని మీదే ముద్ర వేయడమంటే ఇది. మనకు ఇచ్చిన కాలనీలు ఊరికి ఏ దిక్కున ఉన్నాయో చూస్తే ఈ విద్య ఒక్క జింజూ గవర్నరుకే తెలుసని అనలేం.

గుడిలో కూడా ఇంతే. 1909లో జింజూ చర్చిలో ఆస్ట్రేలియా మిషనరీ ఒకాయన బెక్‌జోంగ్ క్రైస్తవుల్నీ మిగతావాళ్లనీ ఒక్కచోట కూర్చోబెట్టి ప్రార్థన చేయించబోతే మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. ఏసు ముందు అందరూ సమానమే, పీట మీద మాత్రం కాదు. తర్వాత నచ్చచెప్పి మళ్లీ కలిపారనుకోండి. కలిపినదాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో కలవని చర్చిలు ఇంకా నాకు తెలుసు.

ఇక్కడ ఒక తండ్రీ కొడుకుల కథ ఆగి చెప్పాలి. సియోల్‌లో పార్క్ సొంగ్-చున్ అనే బెక్‌జోంగ్ కసాయి ఉండేవాడు. టైఫాయిడ్ వచ్చి చావుబతుకుల్లో ఉంటే రాజుకు వైద్యం చేసే ఎవిసన్ అనే కెనడా డాక్టరు వాడలోకి వచ్చి నాడి పట్టుకున్నాడు. రాజును ముట్టిన చెయ్యి తనను ముట్టింది. ఆ మనిషి లేచాక ఊరుకోలేదు. మా వాళ్లకు టోపీ హక్కు కావాలని సర్కారుకు అర్జీల మీద అర్జీలు పెట్టించాడు. 1898లో సియోల్ నడిబజారులో దేశం బాగు కోసమని పెద్ద సభ జరిగితే, మంత్రుల ఎదుట లేచి మాట్లాడిన మొదటి మామూలు మనిషి ఈయనే. ఆయన చెప్పిన సారం ఇది: దేశమంటే పందిరి, ఒక్క గుంజ మీద నిలవదు, చాలా గుంజలు కలిస్తేనే గట్టిగుంటది. దేశభక్తి గురించి నేను చదివిన వాటిలో ఇంత తేటగా ఉన్నది తక్కువ. చెప్పింది నిన్నటిదాకా టోపీ లేని మనిషి. ఆయన కొడుకు పార్క్ సొ-యాంగ్ ఎవిసన్ దగ్గరే చదివి 1908లో ఆ దేశంలో పాశ్చాత్య వైద్యం పట్టా పుచ్చుకున్న తొలి ఏడుగురిలో ఒకడయ్యాడు. కసాయి కొడుకు డాక్టరు. తర్వాత జపాను పాలన కిందున్న దేశాన్ని వదిలి మంచూరియాలో కొరియా వలస కూలీల మధ్యకు పోయాడు. అక్కడ ఆస్పత్రి పెట్టాడు, బడి పెట్టాడు, స్వాతంత్య్ర సైన్యానికి వైద్యుడిగా పనిచేశాడు. ఆయన్ను స్వాతంత్య్ర యోధుడని కొరియా ప్రభుత్వం గుర్తించింది ఎప్పుడో తెలుసా? 2008లో. అప్పటికి ఆయన చనిపోయి అరవై ఎనిమిదేండ్లు.

జపాను కొరియాను మింగింది 1910 ఆగస్టులో. సామ్రాజ్యం ఏం చేసిందో పాఠ్యపుస్తకాల్లో రాసినంత వరకూ నిజమే. భూములు సర్వే చేసి లాక్కున్నారు, పత్రికలు మూసేశారు, బడిలో పంతుళ్లకు కూడా కత్తులిచ్చారు. పంతులు కత్తి కట్టుకుని క్లాసుకొచ్చేవాడట! బెక్‌జోంగ్‌కు మాత్రం ఇంకో రెండు దెబ్బలు కలిసినై. ఒకటి, కసాయిఖానాలు సర్కారు చేతుల్లోకి పోయి, తోలు వ్యాపారంలోకి జపాను షావుకార్లు దిగారు. తరతరాలుగా నీచమని వాళ్ల నెత్తిన పెట్టిన పనిలో డబ్బు కనపడగానే ఆ పని నీచం కాకుండా పోయింది. కత్తి పట్టి కోసేవాడు మాత్రం కూలివాడయ్యాడు. మా తాత లంద గుర్తొస్తున్నదా? నాకు గుర్తొచ్చింది. రెండు, కొత్త పాలకులు కుటుంబ రిజిస్టర్లు రాయించి అందులో వాళ్ల పేరు పక్కన కసాయి అని రాయించారు, కొన్నిచోట్ల ఎర్రచుక్క పెట్టారు. 1894లో రద్దయిన కులాన్ని పరాయి సర్కారు గుమాస్తా సిరాతో మళ్లీ బతికించాడు.

బడి రిజిస్టరులో కులం గడి నేను యేటేటా నింపేవాణ్ని. కొందరు పెద్దమనుషులు ఈ గడి తీసేస్తే కులం పోతుందంటారు. గడి ఒకటే కావచ్చు. మా పిల్లవానికి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి రాసే అక్షరమూ, వాణ్ని బడి గేటు దగ్గరే ఆపడానికి పెట్టే చుక్కా ఒకటి కావు. ఎవరు రాయిస్తున్నారు, ఎందుకు రాయిస్తున్నారు, అది చూడాలి.

1919 మార్చి 1. జనవరిలో మాజీ రాజు కోజోంగ్ చనిపోయాడు. అంతకు ముందే అమెరికా అధ్యక్షుడు విల్సన్ జాతులకు తమ పాలన తామే నిర్ణయించుకునే హక్కుందని మాట్లాడాడు. ఆ మాట యూరప్ కోసం చెప్పింది, ఆసియా వాళ్లు తమకూ అనుకున్నారు. సియోల్‌లో ముప్పై ముగ్గురు పెద్దలు స్వాతంత్య్ర ప్రకటన మీద సంతకాలు చేసి ఒక హోటల్లో కూర్చుని చదివి పోలీసులకు వాళ్లే కబురు చేశారు. పార్కులో మాత్రం విద్యార్థులు జనం మధ్య చదివారు. అక్కడ్నుంచి దేశమంతా నిప్పు. సంతకం చేసిన ముప్పై ముగ్గురూ మత పెద్దలు, ఒక్క ఆడమనిషి లేదు. వీధిలో మాత్రం ఆడవాళ్లున్నారు, యూ గ్వాన్-సున్ అనే పడుచు విద్యార్థిని జైలు దెబ్బలకు 1920లో చనిపోయింది. చనిపోయినవాళ్లు 7,509 మంది అని కొరియా చరిత్రకారుడు పార్క్ ఉన్-సిక్ లెక్క రాశాడు. జపాను సర్కారు లెక్క 553. జలియన్‌వాలాబాగ్ శవాల లెక్క దగ్గర కూడా ఈ తేడాయే కదా.

జింజూలో మార్చి 18 సంత రోజు. ఆ ఊరి ఊరేగింపుల్లో కూలీలు నడిచారు, బిచ్చగాళ్లు నడిచారు, ఆటపాటలతో బతికే కిసెంగ్ స్త్రీలు నడిచారు. జైలుకు పోయినవాళ్లలో కాంగ్ సాంగ్-హో అనే దొరల ఇంటి యువకుడున్నాడు. జైలుకు పోయిన నాలుగేండ్లకు ఈయనే ఇంకో పని చేశాడు. ఆ పని కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

జింజూలో యీ హక్-చాన్ అనే బెక్‌జోంగ్ ఉండేవాడు. మాంసం వ్యాపారంలో బాగానే సంపాదించాడు. తన బిడ్డను బడిలో వేయాలని ఒక్కో బడి గడప ఎక్కితే ఎక్కడా చేర్చుకోలేదు. అవి జపాను బడులు మాత్రమే కావు, కొరియా వాళ్లు జాతి కోసమని కట్టుకున్న బడులు కూడా. జాంగ్ జీ-పిల్ అనే ఇంకో బెక్‌జోంగ్ జపాను పోయి మెయిజీ విశ్వవిద్యాలయంలో చదివాడు. ఉద్యోగం కోసం రిజిస్టరు నకలు తీయిస్తే అందులో కసాయి అని ఉంది. ఆ కాగితం ఆఫీసులో ఇవ్వకుండానే ఇంటికొచ్చేశాడు. వీళ్లిద్దరూ, కాంగ్ సాంగ్-హో, ఇంకొందరూ కలిసి 1923 ఏప్రిల్ 24న సంఘం పెట్టారు. పేరు హ్యోంగ్‌ప్యోంగ్‌సా. "హ్యోంగ్" అంటే తక్కెడ. మాంసం తూచే తక్కెడే. "ప్యోంగ్" అంటే సమం. నీచమని చెప్పిన పనిలోని పనిముట్టునే పేరుగా ఎత్తుకున్నారు. డప్పును జెండాగా ఎత్తుకున్నోళ్లకు ఆ పేరులోని రోషం నేను విప్పి చెప్పనక్కర లేదు.

సంఘంలో ఏ కొరియా మనిషైనా చేరవచ్చునని నియమం రాసుకున్నారు. మొదట పట్టిన పనులు రిజిస్టరులో ఆ ముద్ర కొట్టివేయించడం, బడుల్లో పిల్లల్ని చేర్పించడం, రాత్రిబడులు పెట్టుకోవడం. రిజిస్టరు ముద్ర తీసేయడానికి అధికారులు ఒప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి దేశమంతా ఎనభై దాకా శాఖలు లేచాయి. తమవాళ్లు నాలుగు లక్షలని సంఘం చెప్పుకుంది, సర్కారు లెక్క ముప్పై, నలభై వేల మధ్యనే. లెక్కల్లో మనల్ని ఎప్పుడూ ఎవరో ఒకరు తక్కువ చేస్తారు, ఇంకొకరు ఎక్కువ చేస్తారు. నాకు ఇందులో ఏది నిజమన్న దానికన్నా, దాక్కుని బతికేవాళ్లు తలలు లెక్కపెట్టించుకోవడానికి ముందుకు రావడమే పెద్ద సంగతి.

మరి స్వాతంత్య్రం కోసం నిన్నగాక మొన్న వీధుల్లో కలిసి నడిచిన జింజూ ఏం చేసింది? మే నెలలో సంఘం ఆరంభోత్సవం జరిగిన కొద్దిరోజులకే రైతులు గుంపుకట్టి వచ్చారు. బెక్‌జోంగ్ దగ్గర మాంసం కొనకూడదని కట్టుబాటు పెట్టారు. కాంగ్ సాంగ్-హోను "కొత్త బెక్‌జోంగ్" అని వెక్కిరించారు. ఆ మాట తిట్టుగా పనికొచ్చిందంటేనే తెలుస్తున్నది గదా. ఈ గుంపులో జపాను వాడు లేడు. దొరలే కాదు, కౌలు రైతులూ కూలీలూ ఉన్నారు. జపాను పోలీసు పక్కన నిలబడి చూశాడు. కింద ఉన్నోళ్లు కొట్టుకుంటే పాలకుడికి ఏం పోతుంది?

1925 ఆగస్టులో యెచొన్ ఊళ్లో జరిగింది ఇంకా ఘోరం. అక్కడి శాఖ రెండో వార్షికోత్సవం. అతిథిగా పిలిచిన స్థానిక యువజన సంఘం నాయకుడు లేచి, అంతస్తులు చట్టంలో ఎప్పుడో పోయాయి, ఇంక మీకు వేరే సంఘమెందుకు అన్న అర్థంలో మాట్లాడాడు. సభికులు నిలదీశారు. ఆ రాత్రి నుంచి వందల మంది ఆ శాఖ మీదా ఇళ్ల మీదా పడ్డారు. సియోల్ నుంచి వచ్చిన జాంగ్ జీ-పిల్‌ను కూడా చావబాదారు. కులం లేదు అని చెప్పిన నోటి వెనకాలే కర్రలు వచ్చాయి.

మా స్టాఫ్‌రూములో ఒక పెద్దసారు ఉండేవారు. మంచి మనిషే, నాకు సెలవు కావాలంటే తన పీరియడు ఇచ్చేవారు. ఏప్రిల్ 14న నేను ఉపాధ్యాయ సంఘం మీటింగుకు పోతుంటే ఆయన, "రాజ్యాంగం వచ్చినంక కులమెక్కడుంది సారూ, ఇంకా మీకు వేరే సంఘమెందుకు?" అన్నారు. యెచొన్ గురించి అప్పటికే చదివి ఉన్నాను. "సారూ, ఈ మాట మీరు మొదటిసారి అన్నది గాదు, కొరియాల అన్నరు" అన్నాను. నవ్వుతున్నాననుకున్నారు. కూర్చోబెట్టి యెచొన్ కథంతా చెప్పాను. విన్నారు. "అది వేరే, ఇది వేరే" అన్నారు. ఏది వేరో మాత్రం చెప్పలేదు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. యెచొన్ దాడి తర్వాత సియోల్‌లోని పత్రికలూ, సోషలిస్టు యువజన సంఘాలూ చాలావరకు బెక్‌జోంగ్ వైపు నిలబడ్డాయి, ఖండిస్తూ తీర్మానాలు చేశాయి. జాతీయవాదులందర్నీ ఒకే గాటన కట్టేయలేం. కాంగ్ సాంగ్-హో జైలుకు పోయింది దేశం కోసమే, ఆస్తి కరిగించుకుంది బెక్‌జోంగ్ కోసం. ఆయన దృష్టిలో ఇవి రెండు పనులు కావు. జాతి విముక్తి ముందు, మీ సంగతి తర్వాత అని చెప్పినవాళ్లకూ ఆయనకూ ఉన్న తేడా ఇదే.

ఇక నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది. బెక్‌జోంగ్‌కు తోబుట్టువులు దొరికింది శత్రుదేశంలో. జపానులో కూడా తోలు పని చేసే అంటరానివాళ్లున్నారు, బురాకుమిన్ అంటారు. వాళ్లకూ 1871లో చట్టం వచ్చింది, వాళ్లకూ ఊరు మారలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వేలమంది కలిసి సుయిహెయ్‌షా అనే సంఘం పెట్టుకున్నారు. సైకో మాన్‌కిచి ప్రకటన రాశాడు. నల్లజెండా మీద ఎర్రటి ముళ్ల కిరీటం. సుయిహెయ్ అంటే నీటి మట్టం, నీళ్లు ఎక్కడ పోసినా సమంగా నిలుస్తాయి గదా. ఏడాది తేడాతో ఒకరు నీటి మట్టం అన్నారు, ఇంకొకరు తక్కెడ అన్నారు. 1924 నుంచి ఈ రెండు సంఘాల మధ్య ఉత్తరాలు, అభినందనలు నడిచాయి, మనుషులు వచ్చిపోయారు. అవి ఆపలేని పెద్ద ఉమ్మడి ఉద్యమమై లేచాయని నేను గొప్పలు చెప్పను, కాలేదు. కానీ ఏలే దేశం మనిషీ ఏలబడే దేశం మనిషీ సమానంగా రాసుకున్న ఆ కాగితాలు మిగిలాయి. 2016లో యునెస్కో ఆసియా పసిఫిక్ జ్ఞాపకాల జాబితాలోకి ఎక్కాయి.

ఈ చుట్టరికం ఉత్తరాల్లోనే కాదు, చావులో కూడా కనపడింది. 1923 సెప్టెంబరు 1న టోక్యో దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. కొరియావాళ్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు లేపి, ఊరూరా కర్రలూ వెదురు బల్లేలూ పట్టుకుని వేల మంది కొరియా కూలీల్ని చంపారు. అయిదు రోజుల తర్వాత చిబా ప్రాంతంలో ఫుకుదా ఊరి దగ్గర, దూరపు షికోకు దీవి నుంచి మందులమ్ముకుంటూ వచ్చిన పదిహేను మందిని ఆపారు. వాళ్ల యాస తేడాగా ఉంది, కొరియావాళ్లే అన్నారు. తొమ్మిది మందిని చంపేశారు. అందులో పిల్లలున్నారు, కడుపుతో ఉన్న మనిషి ఉంది. ఆ పదిహేను మందీ బురాకుమిన్. శిక్ష పడ్డవాళ్లు కొద్దికాలానికే క్షమాభిక్షతో బయటికొచ్చారు. చాలా ఏండ్లు ఆ సంగతి మాట్లాడినవాళ్లే లేరు. వాళ్లు జపానువాళ్లేనని నిరూపించుకోగలిగితే బతికేవాళ్లేమో. కానీ పద్యం చదవమన్నట్టు యాస చదవమంటే మనూరోడు మనూరి యాసే మాట్లాడతాడు.

హ్యోంగ్‌ప్యోంగ్‌సా చివరి రోజులు మన చదువుకున్న పిల్లలు తప్పక తెలుసుకోవాలి. దాచిపెట్టడం నాకిష్టం లేదు. మొదట్లోనే 1924లో సంఘం రెండుగా చీలింది. బడి, గౌరవం చాలునన్న జింజూ వర్గం ఒకటి, కూలీల బతుకు పట్టించుకోవాలన్న జాంగ్ జీ-పిల్ సియోల్ వర్గం ఒకటి. మళ్లీ కలిశారు. మాంసం కొట్లున్న షావుకార్లకూ, కసాయిఖానాలో కూలికి కోసేవాళ్లకూ సంఘంలోపలే పడేది కాదు. 1931లో ఎర్రజెండా యువకులు, ఈ సంఘాన్ని రద్దు చేసి కార్మిక సంఘాల్లో కలిపేద్దాం, అదే అసలు పోరాటం అని తీర్మానం పెట్టారు. ఓడిపోయింది. ఈ వాదన మన దగ్గర ఎన్ని రాత్రులు, ఎన్ని టీలు తాగుతూ జరిగిందో పాత కార్యకర్తల్ని అడగండి. ఆ యువకులది తప్పని నేను తేల్చను. కూలి గురించి వాళ్లు అడిగింది సరైన ప్రశ్నే. కానీ యెచొన్‌లో కర్రలు పట్టినవాళ్లలో కూలీలు కూడా ఉన్నారన్న సంగతికి వాళ్ల దగ్గర జవాబు లేదు. 1933లో పోలీసులు ఆ యువకుల్ని వంద మంది దాకా పట్టుకుపోయారు. ఎక్కువమంది మీద నేరం రుజువు కాలేదు, కానీ తేలేసరికి మూడేండ్లు పట్టింది. సంఘానికి వెన్నెముక విరిగింది.

1935లో పేరు మార్చి తేదోంగ్‌సా అన్నారు. తక్కెడ పోయింది. తోలు, మాంసం వ్యాపారుల లాభాలు చూసుకునే సంఘం మిగిలింది. 1938లో ఈ సంఘం జపాను సైన్యానికి ఒక యుద్ధవిమానం విరాళమిచ్చింది. విమానానికి సంఘం పేరే పెట్టారు. చైనా మీద యుద్ధం నడుస్తున్న కాలం. ఇది చదివిన రోజు నాకు కోపం రాలేదని చెప్పను. చూడండి, బెక్‌జోంగ్ అంటేనే జపాను తొత్తులు అని రాసేవాళ్లకు ఈ విమానం బాగా పనికొస్తుంది. కానీ ఆ రోజుల్లో విమానాలిచ్చిన, యుద్ధనిధులిచ్చిన పెద్ద దొరలు, ఫ్యాక్టరీ యజమానులు, ప్రొఫెసర్లు కొరియాలో ఎంతోమంది. వాళ్ల వల్ల వాళ్ల కులం మొత్తానికి ద్రోహమనే పేరు రాలేదు. మంచూరియాలో చలికి స్వాతంత్య్ర సైనికుల గాయాలు కట్టిన డాక్టరు బెక్‌జోంగ్ కొడుకే, విమానం కొన్న షావుకార్లూ బెక్‌జోంగ్‌లే. మనవాళ్లలో కూడా ఇద్దరూ ఉంటారు.

1945లో జపాను పోయింది. దేశం రెండు ముక్కలైంది, 1950 నుంచి మూడేండ్ల యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. ఎవరు ఎక్కడివాళ్లో తెలియకుండా జనం పట్నాలకు చేరారు. ఆ గందరగోళంలో బెక్‌జోంగ్ గుర్తు చెరిగిపోయింది. పదో తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు మా వాడ పిల్లవాడొకడు, "సార్, వాళ్లకు రిజర్వేషనున్నదా?" అని అడిగాడు. జపానులో 1969 నుంచి 2002 దాకా బురాకుమిన్ వాడల కోసం ప్రత్యేక చట్టాల కింద ఇండ్లు, బడులు, రోడ్లు ఇచ్చారు, కొరియాలో అట్లాంటిదేమీ లేదు అన్నాను. "అయితే కులం పోయినట్టేనా సార్?" అన్నాడు. పక్క వరసలో అమ్మాయి, "పేరు దాచుకుంటే పోయినట్టారా?" అన్నది. ఇద్దరూ వాదించుకున్నారు. నేను కల్పించుకోలేదు.

కాంగ్ సాంగ్-హో 1957లో చనిపోయాడు. చివరి రోజుల్లో ఆస్తి ఏమీ లేదు. దేశం నలుమూలల నుంచి పాత సంఘం మనుషులు వచ్చి దొరబిడ్డకు అంత్యక్రియలు జరిపారు. స్వాతంత్య్ర యోధుడిగా ప్రభుత్వ గుర్తింపు 2005లో వచ్చింది. 1996 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, జింజూ కోట ఎదుట హ్యోంగ్‌ప్యోంగ్ ఉద్యమానికి స్మారకం కట్టారు. 2023లో నూరేండ్ల పండుగ చేశారు. చరిత్రకారులు వచ్చారు, ఊరి పెద్దలు వచ్చారు, జపాను నుంచి బురాకుమిన్ ప్రతినిధులు వచ్చారు. మేము ఫలానా బెక్‌జోంగ్ మనవళ్లం అని తమ పేరు చెప్పుకుని నలుగురి ముందు నిలబడేవాళ్లు మాత్రం కొరియాలో ఈనాటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.